వెనక వరుస

కోల్డ్ స్టోరేజీలో ఆమెను అందరూ ఫ్రిజ్జక్క అనేవారు. ముఖం మీద కాదు లెండి, వెనకాల. ముఖం మీద మేడం. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు ఊరుకునేది, ఎందుకంటే ఆ పేరు పెట్టినవాడు లోడింగు పనిలో అందరికన్నా చురుకైనవాడు. పనిమంతుడు నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడినా చెల్లుతుందని ఆమె లెక్క.

ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం మైనస్ పద్దెనిమిది డిగ్రీల గదిలో. బఠాణీలు, మొక్కజొన్న గింజలు, చేపలు, పళ్ళ గుజ్జు, గడ్డకట్టించిన సరుకు ఏదైనా సరే, లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆమె సంతకం పడాల్సిందే. మోకాళ్ళ దాకా దిగే దళసరి కోటు, రెండు జతల మేజోళ్ళు, చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీ, మెడలో తాడుకు వేలాడే థర్మామీటరు. ఆ వేషంలో చూసినవాళ్ళు ఇంటి దగ్గర ఆమె అయిదడుగుల బక్కపలచటి మనిషంటే నమ్మరు. గొంతు మాత్రం రెండు చోట్లా ఒకటే. గది తలుపు ఎవరైనా అర నిమిషం తెరిచి ఉంచితే "తలుపు!" అని ఒక్క కేక పెట్టేది. కొత్తగా చేరిన ఫోర్కులిఫ్టు డ్రైవరు ఒకసారి ఆ కేకకు హడలిపోయి, బండి ఆపి, ఏ తలుపో తెలియక వీధిలో ఉన్న లారీ తలుపు మూసి వచ్చాడు. చుట్టాలింట్లోనూ బ్యాంకులోనూ కూడా ఆమె నోట అదే కేక వచ్చేసేది. ఆ తర్వాత నాలిక కరుచుకునేది.

ఆమెకు ఒక పట్టుదల ఉండేది. ముందొచ్చిన సరుకు ముందు పోవాలి. ఇదేం ఆమె కనిపెట్టిన సూత్రం కాదు. ప్రతి గోదాములోనూ గోడ మీద రాసే ఉంటుంది, ఎవరూ ఖాతరు చెయ్యరు. వచ్చింది తలుపు దగ్గర దింపడం సులువు, తలుపు దగ్గరున్నది తీసుకుపోవడం ఇంకా సులువు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఆమెకు గది వెనక వరుసలో, గోడవారన, మంచు పేరుకున్న అట్టపెట్టెలు కనబడ్డాయి. మూడేళ్ళుగా అక్కడే ఉన్నాయట. వాటి ముందు కొత్తవి, వాటి ముందు ఇంకా కొత్తవి పెట్టుకుంటూ పోయారు. ఎవరో పండించి, ఎవరో వలిచి పంపిన బఠాణీలు. ఇక పారెయ్యడమే, సంతకం పెట్టమని పుస్తకం ముందుంచారు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. బఠాణీల కోసం ఏడ్చానంటే నవ్విపోతారని కంట్లో మంచు పడిందని చెప్పింది. ఆనాటి నుంచి ఆమె గదిలో ఏ పెట్టె వెనకబడలేదు.

ఆమె భర్త బడి బస్సు నడుపుతాడు. నలభై రెండు సీట్లు, పందొమ్మిది స్టాపులు. మనిషి మాటకు మహా పొదుపరి. పెళ్ళిచూపుల్లో ఇతను మాట్లాడిన రెండు మాటల్లో ఒకటి "నీళ్ళు" అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. కానీ బస్సు విషయంలో అతనిదీ ఒక పద్ధతి. ప్రతి స్టాపులో రెండుసార్లు హారను కొడతాడు, రెండు నిమిషాలు ఆగుతాడు, పిల్లో పిల్లాడో రాకపోతే జాబితాలో పేరు పక్కన "రాలేదు" అని రాసుకుని పోతాడు. పేరు మాత్రం కొట్టెయ్యడు. ఒక పిల్ల జబ్బు చేసి నాలుగు నెలలు బడికి రాకపోతే, ఆ పేరు తీసెయ్యమని ఆఫీసువాళ్ళు చెప్పారు. "పేరుంది. మనిషి రాలేదంతే," అన్నాడు. నాలుగు నెలలూ ఖాళీ స్టాపులో ఆగి హారను కొట్టాడు. అయిదో నెలలో ఆ పిల్ల సంచీ ఊపుకుంటూ వచ్చి బస్సెక్కింది.

పొద్దున నలభై రెండుమందిని ఎక్కించుకుని సాయంత్రం నలభై రెండుమందినీ దింపేసి, ఖాళీ బస్సు షెడ్డులో పెట్టి ఇంటికి రావడం అతని వంతు. ఇంట్లో పిల్లలు లేరు. పదకొండేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. మూడుసార్లు ల్యాబులో ప్రయత్నం చేశారు, మూడుసార్లూ చేతులు ఊపుకుంటూ ఇంటికి వచ్చారు. చివరికి వాళ్ళ డాక్టరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

"మీ అండాలతో ఇక లాభం లేదమ్మా. మిమ్మల్ని మభ్యపెట్టడం నాకిష్టం లేదు. గర్భసంచి మాత్రం బాగుంది. ఎంబ్రియో దత్తత గురించి ఎప్పుడైనా విన్నారా?"

వాళ్ళు వినలేదు. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. పిల్లలు కలగని దంపతులు ల్యాబులో తమ కోసం నాలుగైదు పిండాలు తయారు చేయించుకుంటారు. వాటిలో ఒకటో రెండో కడుపులో పెరిగి పుడతాయి. మిగిలినవాటిని గడ్డకట్టించి దాస్తారు. ఆ ఇంటికి ఇక పిల్లలు చాలనుకున్నాక, ఆ దాచినవాటిని కొందరు వేరే వాళ్ళకి ఇచ్చేస్తారు. పుట్టే బిడ్డ ఆమె కడుపులోనే పెరుగుతుంది, ఆమే కంటుంది, కానీ రక్తం వాళ్ళిద్దరిదీ కాదు. ఇక్కడ ఆ పద్ధతి లేదు, పొరుగు దేశంలో ఉంది. అక్కడ నలభై అయిదు నిండితే చెయ్యరు. ఆమెకు నలభై అయిదు నిండడానికి ఇంకా అయిదు నెలలుంది.

ఇంటికి వచ్చి ఈ సంగతి భర్త అక్కగారి చెవిన వేశారు. ఆవిడది పోస్టాఫీసు కౌంటరు ఉద్యోగం. నోట్లో నువ్వుగింజ నానదు గానీ, మనసు మంచిది.

"ఎవరి పోలికొస్తుందే?" అంది వదిన మొట్టమొదట.

"తెలీదు వదినా."

"నీ పోలిక రాదు, వీడి పోలిక రాదు." ఆవిడ కాసేపు తమ్ముడి ముక్కు వైపు చూసింది. "ఒక విధంగా మంచిదేలే."

ఆ తర్వాత ఆవిడే లేచి ఆమె పక్కన కూర్చుంది. "చూడమ్మాయ్, ముప్ఫై ఏళ్ళు పార్సెళ్ళు చూశాను. ఎవరు కట్టారని ఎవరూ అడగరు. మన అడ్రసు రాసుంటే మనదే. వెళ్ళి తెచ్చుకోండి." అంతటితో ఆగితే ఆవిడ వదిన ఎందుకవుతుంది? మర్నాటి నుంచి చిట్టి మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టి, అవి ఎవరికో చెప్పొద్దని కౌంటరుకు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

కాగితాలు, పరీక్షలు, వీసాలు, గర్భసంచిని సిద్ధం చేసే మాత్రలు, ఇవన్నీ అయ్యేసరికి నాలుగు నెలలు దొర్లిపోయాయి. ఇక నెల కూడా లేదు. పోయేది ఒక్కసారే, ఏదైనా అయ్యేది ఒక్కసారే అని ఇద్దరికీ తెలుసు. ఆ మాట పైకి అనుకోలేదు.

విమానాశ్రయంలో ఆమె సంచీ ఆపేశారు. అధికారి అందులోంచి మేకులాంటి మొనతో ఉన్న థర్మామీటరు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదెందుకు?"

"వేడి చూడ్డానికండీ."

"ఎవరి వేడి?"

ఏం చెప్పాలో తోచక ఆమె నోటికి వచ్చింది అనేసింది. "మా పిల్లలదండీ."

దాని మీద గీతలు మైనస్ నలభై దాకా ఉన్నాయి. అధికారి ఆ గీతల్ని, ఆమెని మార్చి మార్చి చూశాడు. భర్త గొంతు సవరించుకుని, "ఆవిడ కోల్డ్ స్టోరేజీలో పని చేస్తుంది," అని పూర్తి వాక్యం చెప్పాడు. థర్మామీటరు అక్కడే వదిలెయ్యాల్సి వచ్చింది. మెడలో తాడు లేకుండా విమానమెక్కడం ఆమెకు ఏదో ఇంట్లో మరిచిపోయినట్టే అనిపించింది.

ఆ ఊళ్ళో వాళ్ళు దిగింది చెప్పులు బాగుచేసే దుకాణం మీది గదిలో. పొద్దున తొమ్మిది కొట్టేసరికి కింద సుత్తి మొదలయ్యేది. గదిలో రెండు మంచాలు, ఒక బల్ల, మూత సరిగ్గా పడని కెటిలు, ఒక చిన్న ఫ్రిజ్జు. లోపలికి అడుగుపెట్టగానే ఆమె ఆ ఫ్రిజ్జు తలుపు రబ్బరు వేలితో నొక్కి చూసి పెదవి విరిచింది. ఆసుపత్రి అక్కడికి పది నిమిషాల నడక. దారిలో ఒక ఈతకొలను, ఒక లాండ్రీ, ఎప్పుడూ మూసి ఉండే పూల దుకాణం.

ఆసుపత్రిలో వాళ్ళకోసం ఒక దుబాసీ ఉంది. పెళ్ళి చేసుకుని ఆ దేశంలో స్థిరపడిన మన భాష మనిషి, యాభై దాటిన పెద్దావిడ. ల్యాబు డాక్టరు చెప్పిన ప్రతి ముక్కా తెలుగులో చెప్పి, చివర తన తరఫున "కంగారు పడకండి" అని ఒకటి కలిపేది.

పిండాలు రెండున్నాయి. రెండూ ఒకే దంపతులవి. ఒకటి పదమూడేళ్ళ కిందటిది, రెండోది తొమ్మిదేళ్ళ కిందటిది. ఆ దంపతులు ఒక చీటీ కూడా రాసిపెట్టారు. దుబాసీ చదివింది. "మాకు ముగ్గురు పుట్టారు. ఇంకో ఇద్దరికి ఇంట్లో చోటు లేదు. పారెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. తీసుకునేవాళ్ళు ఎవరో మేము అడగం. కాస్త నవ్వించేవాళ్ళైతే బాగుంటుంది."

ఆ ఆఖరి మాటకు భర్త ముఖం పాలిపోయింది. ఆ సాయంత్రమంతా అతను ఒక జోకు గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడ్డాడు.

ల్యాబు డాక్టరు సన్నగా పొడుగ్గా ఉన్నాడు, నిదానస్తుడు. ఆమె అడిగిన ప్రశ్నలకు మొదట నవ్వాడు, తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ట్యాంకులో చలి ఎంత? మైనస్ నూటతొంభై ఆరు. దాని ముందు తన గది ఎండాకాలమే అనుకుంది ఆమె. రోజుకు ఎన్నిసార్లు రాసుకుంటారు? కరెంటు పోతే ఏం చేస్తారు? ఎలా గడ్డకట్టించారు, మెల్లగానా, గబుక్కునా?

"మంచి ప్రశ్న," అన్నాడు డాక్టరు. "రెండోది గబుక్కున. మొదటిది పాత పద్ధతిలో, మెల్లగా."

ఆమెకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. బఠాణీని గబుక్కున గడ్డకట్టిస్తే లోపల మంచు ఇసుకరేణువంతే ఉంటుంది, కరిగించాక గింజ గింజలాగే ఉంటుంది. మెల్లగా గడ్డకట్టిస్తే మంచు పెద్ద ముక్కలు కట్టి గింజను లోపలినుంచి చీల్చేస్తుంది. ఇరవై రెండేళ్ళు చూసిందే అది.

"అందుకని రెండోది తీసుకోండి," అన్నాడు డాక్టరు. "మంచి గ్రేడు. మా చట్టం ప్రకారం ఒక్కసారికి ఒక్కటే పెట్టాలి. మొదటిదానికి అవకాశం సగం కూడా లేదు. కరిగించినా బతక్కపోవచ్చు, బతికినా నిలబడకపోవచ్చు."

"రెండోది నేను తీసుకుంటే మొదటిది ఏమవుతుంది?"

"దాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. వచ్చే ఏడు దాని గడువు తీరిపోతుంది. తీసేస్తాం."

"మొదటిది తీసుకుంటే రెండోది?"

"దానికేం? మీ తర్వాత వరసలో ఉన్నవాళ్ళు తీసుకుంటారు. అడిగేవాళ్ళు చాలామంది."

ఆమె తన చేతుల వంక చూసుకుంది. ఇరవై రెండేళ్ళ చలికి వేళ్ళ కణుపులు కందిపోయి, తోలు గట్టిపడిపోయిన చేతులు.

"ముందు మొదటిది తియ్యండి," అంది. "అది బతికితే అదే. బతక్కపోతే అప్పుడు రెండోది."

దుబాసీ తర్జుమా చెయ్యకుండా ఆమెనే చూసింది. "అమ్మా, ఆయన చెప్పింది సరిగా అర్థమైందా? కరిగిందాన్ని మళ్ళీ గడ్డకట్టించరు. పాతది ఏ కొంచెం బతికినా అదే పెట్టేస్తారు. మంచిది చేజారిపోతుంది."

"అర్థమైందండీ. ముందొచ్చింది ముందు పోవాలి."

ఇద్దరూ కలిసి నిర్ణయించుకుని మర్నాడు చెప్పమన్నాడు డాక్టరు. మొగుడూ పెళ్ళాల మధ్య తలదూర్చకపోవడమే మంచిదని అతనికీ తెలుసు కాబోలు.

గదికి వచ్చాక భర్త ఏడాదిలో మాట్లాడేదంతా ఆ మధ్యాహ్నమే మాట్లాడేశాడు. కింద సుత్తి టకటకలాడుతుంటే, అతను మంచం మీద కూర్చుని మోకాళ్ళతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"పదకొండేళ్ళు తిరిగాం. ఇదొక్కటే మిగిలింది. మంచిది చేతికి ఇస్తామంటే వద్దంటావా? ఇదేమన్నా నీ గోదామా? రూలు పెట్టడానికి?"

"గోదామని ఎవరన్నారు?"

"మరేంటి? చెప్పు."

ఆమె ఉతికిన తువ్వాలు కుర్చీ మీద ఆరేసి, మళ్ళీ తీసి, మళ్ళీ ఆరేసింది. ఆమెకు బిడ్డ కావాలి. చెప్పనలవి కానంత కావాలి. ఆ కోరికే అడ్డం తిరిగి పీకుతోంది. తనకు కావాలి గనక మంచిదాన్ని పట్టుకుపోయి, ఇంకోదాన్ని గోడవారన వదిలేసి వస్తే, ఆ తర్వాత ఒళ్ళో బిడ్డ ఉన్నా తనకు ఆ గోడే కనబడుతుంది.

"ఎవరూ అడగలేదటండీ," అంది చివరికి. "పదమూడేళ్ళలో ఒక్కరు కూడా. నేను కూడా అడక్కుండా వచ్చేస్తే ఇంకెవరు అడుగుతారు?" ఆ మాట చెబుతూనే ఆమెకు ఏడుపొచ్చింది. ఈసారి కంట్లో మంచు పడిందని చెప్పలేదు.

అతను ఆసుపత్రిలో ఇచ్చిన పిండాల వివరాల కాగితం బల్ల మీంచి తీసి చూశాడు. వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు.

"పన్నెండు దాటేవి," అన్నాడు.

"ఏంటి?"

"అప్పుడే పుట్టుంటే. ఏడో తరగతి." కాగితం మడిచాడు. "ఏడో తరగతి వాళ్ళు బస్సులో వెనక వరుసలో కూర్చుంటారు."

"ఎవరు కూర్చోబెడతారు?"

"ఎవరూ కూర్చోబెట్టరు. వాళ్ళే పోతారు. ముందు సీట్లు చిన్నవాళ్ళకి వదిలేసి." అతను లేచి కెటిలు మూత మూడుసార్లు నొక్కి మూసి, నీళ్ళు పెట్టాడు. "సరే. దాన్నే పిలుద్దాం."

మూడో రోజు పొద్దున ఏడింటికి వెళ్ళారు. పిండం పెట్టే వేళకు మూత్రాశయం నిండుగా ఉంటే స్కానులో స్పష్టంగా కనబడుతుందట. అందుకని నర్సు ఆమె చేత నాలుగు గ్లాసుల నీళ్ళు తాగించింది. ల్యాబుకూ వాళ్ళు కూర్చున్న గదికీ మధ్య ఒక అద్దం కిటికీ ఉంది. అవతల ల్యాబు డాక్టరు ట్యాంకు మూత ఎత్తాడు. తెల్లటి పొగ నేలకు జారింది. అతను లోపల్నుంచి సన్నటి గొట్టమొకటి పైకి తీశాడు. ఆ వేళప్పుడే నర్సు ఏదో ట్రే తీసుకుని ల్యాబులోకి పోతూ తలుపు ఓరగా వదిలేసింది.

"తలుపు!"

ఆ కేకకు అద్దం అదిరిందంటే అతిశయోక్తి కాదు. నర్సుకు ఆ మాట అర్థం కాకపోయినా విషయం అర్థమై, గిర్రున వెనక్కి తిరిగి తలుపు మూసింది. దుబాసీ ముఖం చేతుల్లో దాచుకుంది. లోపల ల్యాబు డాక్టరు తల ఎత్తకుండా బొటనవేలు పైకి చూపించాడు.

రెండు గంటలు చూడాలన్నారు. కరిగిన పిండం మళ్ళీ ఊపిరి పోసుకుంటుందో లేదో ఆ రెండు గంటల్లో తెలుస్తుంది. ఆమె నాలుగు గ్లాసుల నీళ్ళతో కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరిగింది. భర్త కూర్చున్న చోటునుంచి కదల్లేదు. ఒకసారి మాత్రం, "ఒక ఏనుగు బస్సెక్కిందట," అని మొదలుపెట్టి, మిగతాది గుర్తురాక ఆగిపోయాడు. ఆమె నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది.

రెండు గంటలయ్యాక డాక్టరు వచ్చి కుర్చీ లాక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చున్నాడు. అతను కూర్చోవడంతోనే ఆమెకు తెలిసిపోయింది.

"సగం పైగా కణాలు చితికిపోయాయి. మిగతావి కాసేపు ప్రయత్నించాయి. ఇప్పుడు ఆగిపోయాయి. నన్ను క్షమించండి," అంది దుబాసీ అతని మాటగా. ఈసారి చివర కంగారు పడకండి అని కలపలేదు.

గింజను లోపలినుంచి చీల్చే మంచు గురించి ఆమెకు ముందే తెలుసు. తెలిసి తీయించింది. ట్యాంకులో ఉంచితే ఇంకో ఏడాది ఉండేదే, చేజేతులా లేపి చంపానా అన్న ఆలోచన వచ్చింది.

"నేనే కదండీ లేపమన్నాను," అంది భర్తతో.

అతను ఆమె గట్టిపడిన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. "మనం ఆగాం కదా ఆ స్టాపులో," అన్నాడు. "హారను కొట్టాం. ఆగాం."

ఆమె డాక్టరు వైపు తిరిగి అడిగింది. "తీసేసేటప్పుడు పుస్తకంలో రాస్తారా?"

"రాస్తాం. నేను సంతకం పెడతాను."

"నేనూ పెడతాను. నా చేతిమీదుగా వచ్చింది, నా సంతకం లేకుండా పోకూడదు."

అలాంటి పద్ధతి అక్కడ లేదు. డాక్టరు ఒక క్షణం ఆలోచించి, లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ఆమె ముందు తెరిచాడు. ఎప్పుడు గడ్డకట్టించారో ఆ తేదీ, ఎప్పుడు బయటికి తీశారో ఈ తేదీ. పక్కన డాక్టరు సంతకం. దాని కింద ఆమె గోదాములో రోజుకు నలభైసార్లు పెట్టే సంతకాన్నే పెట్టింది, కాకపోతే తాపీగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా.

రెండోదాన్ని కరిగించారు. అది గంటలోనే కదలిక చూపించిందట. అప్పటికి ఆమె బాత్రూముకు వెళ్ళి వచ్చేసింది గనక, మళ్ళీ నాలుగు గ్లాసులు నీళ్ళు తాగమన్నారు. ఏడుస్తూ నీళ్ళు తాగడం ఎంత కష్టమో ఆమెకు ఆ రోజు తెలిసింది. మధ్యాహ్నం మూడింటికి పిండాన్ని లోపల పెట్టారు. పది నిమిషాల పని. తెర మీద ఒక తెల్లటి చుక్క కనబడింది. "అదిగో," అంది దుబాసీ. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

ఇంటికి వచ్చాక పన్నెండో రోజున రక్తపరీక్ష. ఫలితం వచ్చేసరికి ఆమె ఆఫీసులో ఉంది. చలిగదిలోకి పోవద్దని డాక్టరమ్మ చెప్పడంతో బయట బల్ల దగ్గరే కూర్చుని అందరి ప్రాణాలూ తోడేస్తోంది. భర్తకు ఫోను చేసి, "నిలిచిందండీ," అంది. అవతల మాట లేదు. ఎప్పుడూ ఉండదనుకోండి. కాసేపటికి ఫోనులో హారను వినబడింది. రెండుసార్లు కాదు, ఆగకుండా. ఆ వెనకాల పిల్లల కేకలు.

చెప్పొద్దన్న సంగతిని వదిన ఆ సాయంత్రమే పోస్టాఫీసు మొత్తానికీ చెప్పేసింది. ఫ్రిజ్జక్క అని పేరు పెట్టినవాడు తొమ్మిది నెలలూ వెనక వరుస తనే చూసుకున్నాడు. రోజూ పొద్దున వచ్చి, "మేడం, పాతవి ముందుకు తెచ్చాను," అని చెప్పి పోయేవాడు.

ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఎవరి పోలికో ఎవరూ చెప్పలేకపోయారు. గొంతు మాత్రం తల్లిదేనని వదిన తేల్చేసింది. మూడో రోజు ఇంటికి పోయే ముందు, పుట్టిన వివరాలు రాయించడానికి ఆసుపత్రి కింది అంతస్తులో కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఆమె చక్రాల కుర్చీలో, బిడ్డ ఒళ్ళో. కిటికీ అవతల గుమాస్తా తల వంచుకుని గడులు నింపుకుంటూ పోతున్నాడు. తండ్రి వృత్తి, తల్లి వృత్తి, పుట్టిన వేళ.

"ఎన్నో బిడ్డ?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా, "మొదటిదేగా," అని కలం ఆనించాడు.

"రెండోది," అన్నాడు భర్త.

ఆమె తలెత్తి అతని వైపు చూసింది.

గుమాస్తా కలం ఎత్తి ఫైలు తిరగేశాడు. "ఇందులో మొదటి కాన్పు అనుందే?"

"కాన్పు మొదటిదే. బిడ్డ రెండోది."

"మరి పెద్దబిడ్డ?"

అతను కిటికీ చట్రం మీద వేలితో ఒకసారి గీశాడు. ఎనిమిదో తరగతికి వచ్చి ఉండేది అనుకున్నాడో ఏమో, అది చెప్పలేదు.

"రాలేదు," అన్నాడు.

గుమాస్తాకు ఏమీ అర్థం కాలేదు. కలం పట్టుకుని బిడ్డ తల్లి వైపు చూశాడు. పుస్తకంలో ఒక్క అంకె తేడా వస్తే లారీని గేటు దాటనివ్వని మనిషి, ఆమె ఒళ్ళో ఉన్న పిల్ల కాళ్ళమీదికి దుప్పటి లాగి సర్దింది.

"ఆయన చెప్పినట్టే రాయండి," అంది.